కాపరిని మంద ఎంచుకోవచ్చా?



గురువు గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "గురువుని మనం వెతుక్కోవాలా, లేక సమయం వస్తే ఆయనే మన దగ్గరికి వస్తాడా?" రెండోది వినడానికి బావుంటుంది. ఆయనే వస్తాడంటే మనకి పనేమీ ఉండదు, హాయిగా ఎదురుచూడొచ్చు. కానీ దాని వెనకాల ఇంకో ప్రశ్న ఉంది. అది అంత హాయిగా ఉండదు. మనల్ని సరిదిద్దాల్సిన మనిషిని మనమే ఎంచుకుంటే, ఆయన మనల్ని నిజంగా సరిదిద్దగలడా? మనకి నచ్చాడు కాబట్టే ఆయన ఆ పీట మీద కూర్చున్నాడు. నచ్చకపోతే లేపేస్తాం. పోనీ, మనతో సంబంధం లేకుండా ఇంకెవరో తెచ్చి కూర్చోబెడితే ఆయన మాట మన మనసుకి ఎక్కుతుందా?

ఈసారి ఈ ప్రశ్నని మన ఇంట్లో కాకుండా పక్కింట్లో వెతుకుదాం. ఎందుకంటే క్రైస్తవుల్లో కొన్ని శాఖలవాళ్ళు "మా పాస్టరుని ఎవరు ఎంచుకోవాలి" అన్న ఒక్క విషయం మీద వందల ఏళ్ళు వాదించుకున్నారు. కోర్టుల దాకా వెళ్ళారు. ఇళ్ళు, జీతాలు వదులుకున్నారు. ఒక ప్రశ్న కోసం అంత ఖర్చు పెట్టినవాళ్ళ అనుభవం ఎవరిదైనా వినదగ్గదే కదా.

చర్చిల్లో అంతా ఒకటే పద్ధతి అనుకుంటాం గానీ కాదు. కాథలిక్కుల్లో ఏ ఊరికి ఏ ఫాదరు అన్నది బిషప్పు నిర్ణయం. మన తెలుగు రాష్ట్రాల్లో బాగా కనిపించే సి.ఎస్.ఐ. చర్చిలోనూ బిషప్పు ఆధ్వర్యంలో అయ్యగారికి ట్రాన్స్‌ఫర్ వస్తుంది, ఆయన సామాను సర్దుకుని ఇంకో ఊరు వెళ్తారు. సొంతంగా సంఘం మొదలుపెట్టిన పాస్టర్ల దగ్గర ఎన్నిక అన్న మాటే రాదు, ఆయన్ని చూసే జనం వచ్చారు కాబట్టి. బాప్టిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్ల దారి వేరు. అక్కడ సంఘమే పాస్టరుని పిలుచుకుంటుంది.

"పిలుచుకోవడం" అన్న మాట ఊరికే వాడలేదు. వాళ్ళ భాషలో దాని పేరే "పిలుపు". స్కాట్లండ్ చర్చి పద్ధతి చూడండి. పాత పాస్టరు రిటైరైతేనో, ఇంకో చోటికి వెళ్తేనో, సంఘం తన సభ్యుల్లోంచి ఒక కమిటీని ఎన్నుకుంటుంది. ఆ కమిటీ ముందు తమ గురించి తామే రాసుకుంటుంది. మేమెంతమందిమి, మా ఊరెలాంటిది, మాకు ఎలాంటి మనిషి కావాలి అని. తర్వాత అభ్యర్థుల ప్రసంగాలు వింటారు. ఇలాంటి కమిటీలవాళ్ళు అభ్యర్థి పనిచేస్తున్న చర్చికే వెళ్ళి, వెనక బెంచీల్లో ఎవరికీ చెప్పకుండా కూర్చుని వినడం పాత అలవాటు. పెళ్ళిచూపులకి ముందు మేనత్త వెళ్ళి వీధి చివర వాకబు చేసి వచ్చినట్టు! చివరికి ఒక్క పేరే సంఘం ముందుకి వస్తుంది. ఆ ఒక్కరూ ఒక ఆదివారం వచ్చి ఆరాధన నడిపిస్తారు. ఆ తర్వాత సభ్యులు రహస్యంగా ఓటేస్తారు. అవునా, కాదా, అంతే. అవునంటే "పిలుపు" కాగితం మీద సభ్యులు సంతకాలు పెడతారు.

అయినా పని పూర్తి కాదు. చుట్టుపక్కల సంఘాల పాస్టర్లు, పెద్దలు కలిసిన సభ ఒకటుంటుంది, దాన్ని ప్రెస్బిటరీ అంటారు. ఆ సభ ఒప్పుకోవాలి. నియామకం రోజున పాస్టరు ఒక్కడే కాదు, సంఘం కూడా లేచి నిలబడి మాట ఇస్తుంది.

ఇదేదో సర్పంచ్ ఎన్నికలాగుంది అనిపించొచ్చు. వాళ్ళ లెక్క వేరు. పాస్టరుని పిలిచేది దేవుడు, ఆ పిలుపు నిజమో కాదో గుర్తుపట్టడమే మా పని అంటారు. 16వ శతాబ్దంలో కాల్విన్ దీని గురించి రాస్తూ రెండు మాటలు కలిపి చెప్పాడు. ప్రజల సమ్మతి ఉండాలి. కానీ ఆ ఎన్నికని మిగతా పాస్టర్లు దగ్గరుండి నడపాలి, జనం చంచలత్వం వల్లో గోల వల్లో తప్పు జరక్కుండా. అంటే జనాన్ని నమ్మాలి, పూర్తిగా వదిలేయకూడదు.

జనాన్ని ఇంకా తక్కువ నమ్మినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలోని ఆమిష్ వాళ్ళ గురించి వినే ఉంటారు, గుర్రపు బండ్లలో తిరిగేవాళ్ళు. వాళ్ళలో పాస్టరు పనికి ఎవరూ అప్లికేషన్ పెట్టరు. సభ్యులు ఒక్కొక్కరు ఒక పేరు చెప్తారు. తగినన్ని ఓట్లు వచ్చినవాళ్ళు ఎందరున్నారో అన్ని పాటల పుస్తకాలు బల్ల మీద పెడతారు. ఒక్క పుస్తకంలో మాత్రం చీటీ ఉంటుంది. ఒక్కొక్కరు ఒక పుస్తకం తీసుకుంటారు, చీటీ ఎవరి పుస్తకంలో ఉంటే వాళ్ళే ఇక జీవితాంతం పాస్టరు. జీతం లేదు. పొలం పని మానడానికీ లేదు. చీటీ వచ్చిన మనిషి, ఆయన భార్య ఏడ్వడం మామూలే అంటారు. యేసు శిష్యుల్లో యూదా పోయాక అతని స్థానానికి మత్తీయని ఇలా చీట్లు వేసే తీసుకున్నారని వాళ్ళ ఆధారం. మన ఉత్తరమేరూరు శాసనం గుర్తొచ్చింది కదూ? పదో శతాబ్దంలో ఊరి సభ కమిటీలకి అర్హుల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేసి, చిన్న పిల్లాడి చేత తీయించేవారు. పదవి కావాలనే మనిషికి పదవి ఇవ్వాలంటే ఊళ్ళకి ఎంత భయమో!

ఇప్పుడు అసలు కథకి వద్దాం.

స్కాట్లండ్‌లో ఈ పిలుపు పద్ధతి ఎప్పుడూ ఇలా సాఫీగా లేదు. 1712లో లండన్ పార్లమెంటు చట్టం చేసి, పాస్టరుని ప్రతిపాదించే హక్కు ఆ ప్రాంతపు భూస్వామికో, రాచరికానికో తిరిగి కట్టబెట్టింది. ఊరివాళ్ళ పిలుపు పేరుకి మాత్రం మిగిలింది. వందేళ్ళకి పైగా సణుక్కుంటూ భరించారు. 1834లో చర్చి జాతీయ సభ ఒక నియమం పెట్టింది. సంఘంలోని కుటుంబ పెద్దల్లో ఎక్కువమంది వద్దంటే ఆ మనిషిని రుద్దడానికి వీల్లేదు అని. (కుటుంబ పెద్దలంటే మగవాళ్ళే. చర్చికి క్రమం తప్పకుండా వచ్చే ఆడవాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదు.)

అదే ఏడాది ఆక్టరార్డర్ అనే ఊళ్ళో పరీక్ష వచ్చింది. అక్కడి జమీందారు కినౌల్ ప్రభువు ఒక యువకుణ్ణి ప్రతిపాదించాడు. పిలుపు మీద సంతకం పెట్టిన ఊరివాళ్ళు ఇద్దరు. 330 మంది కుటుంబ పెద్దల్లో 287 మంది వద్దన్నారు. ఇంత తేడా ఉంటే ఇంక గొడవేముంది అనుకుంటాం. కానీ ఆ యువకుడు కోర్టుకెళ్ళాడు, గెలిచాడు. 1839లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కూడా ఆయన పక్షానే తీర్పిచ్చింది. చట్టం ప్రకారం ప్రతిపాదన హక్కు ఒక ఆస్తి. ఆస్తికి ఊరివాళ్ళ ఇష్టాయిష్టాలతో పనేముంది?

మార్నాక్ అనే ఇంకో ఊళ్ళో జరిగింది ఇంకా బాధగా ఉంటుంది. అక్కడ పిలుపు మీద సంతకం పెట్టిన ఊరివాడు ఒకే ఒక్కడు, సారాయి దుకాణం నడిపే ఆయన. 1841 జనవరిలో, మోకాళ్ళ లోతు మంచులో, నియామకం కోసం పాస్టర్లు వచ్చారు. చర్చి నిండిపోయింది. సంఘం తరఫున అభ్యంతరం చదివారు, ఎవరూ వినలేదు. అప్పుడు సంఘం సభ్యులు లేచి, తమ తమ బెంచీల్లో ఉన్న బైబిళ్ళు చేతిలోకి తీసుకుని బయటికి నడిచారు. అరవలేదు, రాళ్ళు వేయలేదు. మిగిలిన బయటివాళ్ళ మధ్య ఆయన్ని ఆ ఊరికి పాస్టరుగా చేశారు. ఊరు లేని ఊరి పాస్టరు.

1843 మే 18న ఎడింబరోలో జాతీయ సభ మొదలైంది. అధ్యక్షుడు డేవిడ్ వెల్ష్ ఒక నిరసన పత్రం చదివి, బల్ల మీద పెట్టి, రాణి ప్రతినిధికి నమస్కరించి బయటికి నడిచారు. ఆయన వెనక థామస్ చామర్స్, ఆ వెనక వరసలు వరసలుగా పాస్టర్లు. రాజీనామా పత్రం మీద చివరికి 474 మంది సంతకం పెట్టారు. దేశంలోని పాస్టర్లలో ఇది మూడో వంతుకి పైగా. ఒక్క సంతకంతో జీతం పోయింది, చర్చి ఇచ్చిన ఇల్లు పోయింది, ప్రసంగించే గుడి పోయింది. ఇంట్లో పిల్లలున్న సంసారులు వీళ్ళు. తమని ఎంచుకునే హక్కు జనానికి ఉండాలని పాస్టర్లే రోడ్డున పడ్డారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. అప్పటికే కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు వాళ్ళు. కదలకుండా ఉంటే వాళ్ళని అడిగేవాడు లేడు.

కొత్త చర్చిలకి కొందరు భూస్వాములు స్థలం ఇవ్వలేదు. పశ్చిమ తీరంలో సునార్ట్ అనే సముద్రపు పాయ దగ్గర అలాగే జరిగితే, అక్కడివాళ్ళు 1846లో ఒక ఇనుప పడవ కట్టించుకుని, ఒడ్డుకి కొంచెం దూరంలో లంగరు వేసి, అందులో ఆరాధన చేసుకున్నారు. నీళ్ళు భూస్వామివి కావుగా! వంద మంది ఎక్కితే పడవ ఒక అంగుళం కిందికి దిగేదట. అంటే ఏ ఆదివారం ఎవరి ప్రసంగానికి ఎంతమంది వచ్చారో నీళ్ళే చెప్పేసేవి. అప్పటి వ్యూ కౌంట్ అన్నమాట.

ఇక్కడిదాకా కథ సులువు. జమీందారు చెడ్డ, జనం మంచి. ఇక్కడ ఆపేస్తే వీడియోకి మంచి క్లైమాక్స్ కూడా. కానీ దీనికి సుమారు వందేళ్ళ ముందు, అట్లాంటిక్ అవతల, జనం చేతిలోనే అధికారం ఉన్న ఒక ఊళ్ళో ఏం జరిగిందో కూడా చూడాలి.

మసాచుసెట్స్‌లో నార్తాంప్టన్ అనే ఊరు. జోనాథన్ ఎడ్వర్డ్స్ 1727లో అక్కడ తాతగారికి సహాయకుడిగా వచ్చి, ఆయన పోయాక పాస్టరయ్యారు. అమెరికా పుట్టించిన పెద్ద తత్వవేత్తల్లో ఒకరని ఇప్పటికీ చదువుతారు. ఊరు ఆయన్ని చూసి గర్వపడింది కూడా. కానీ జీతం ఎంతివ్వాలో ఊరి సభ తేల్చేది. ఆయన ఇంటి ఖర్చు మీద కూడా ఊళ్ళో మాటలు వచ్చేవి. 1744లో కొందరు కుర్రాళ్ళు మంత్రసానుల పుస్తకం ఒకటి సంపాదించి, అందులోది చెప్పి ఆడపిల్లల్ని ఏడిపిస్తున్నారని తెలిసింది. ఆయన విచారణకి పిలుస్తూ పేర్లు చర్చిలో చదివేశారు. తప్పు చేసినవాళ్ళెవరో, సాక్షులెవరో విడిగా చెప్పలేదు. ఊళ్ళో పెద్ద ఇళ్ళన్నీ భగ్గుమన్నాయి. చివరికి, ప్రభు బల్లలో పాలుపంచుకోవాలంటే విశ్వాసం తమ నోటితో తాము చెప్పాలి, ఊరికే మర్యాదస్తులైతే చాలదు అని పట్టుబట్టారు. తాతగారి పద్ధతికి అది పూర్తిగా వ్యతిరేకం. 1750 జూన్‌లో ఓటింగ్ జరిగింది. ఓటున్న మగ సభ్యుల్లో రెండు వందలకి పైగా పొమ్మన్నారు. ఉండమన్నవాళ్ళు 23 మంది.

ఎడ్వర్డ్స్ మచ్చలేని మహాత్ముడని చెప్పట్లేదు. 1731లో ఆయన న్యూపోర్ట్‌లో వీనస్ అనే నల్లజాతి అమ్మాయిని బానిసగా కొన్నారు, ఆ రసీదు ఇప్పటికీ ఉంది. గమనించండి, ఊరు ఆయన్ని తీసేసింది దాని మీద కాదు. అది ఊరివాళ్ళకి తప్పుగా తోచలేదు, ఎందుకంటే వాళ్ళలోనూ బానిసలున్నవాళ్ళున్నారు. తమ పిల్లల పేర్లు చదివాడని కోపం వచ్చింది. జనం ఓటుకి ఉన్న గుడ్డితనం అది. మనందరిదీ అయిన తప్పు ఎవరికీ కనబడదు.

ఇంకో విచిత్రం. తీసేశాక వెంటనే కొత్త పాస్టరు దొరకలేదు. దాంతో కొన్ని నెలల పాటు ఆ ఊరు అప్పుడప్పుడూ ఆయన్నే ప్రసంగించడానికి పిలిచింది. పిల్లలతో ఉన్న మనిషి, వెళ్ళక తప్పలేదు. ఆయన్ని తీయించడంలో ముందుండి వాదించిన బంధువు జోసెఫ్ హాలీ పదేళ్ళ తర్వాత, 1760లో, తను చేసింది పాపమని ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బోస్టన్ పత్రికలో వచ్చింది. అప్పటికి ఎడ్వర్డ్స్ పోయి రెండేళ్ళు.

మరి ఏది కరెక్ట్? మార్నాక్ సంఘం బైబిళ్ళు పట్టుకుని లేచిపోవడమా, నార్తాంప్టన్ సంఘం పొమ్మనడమా? రెండూ "వద్దు" అనడమే కదా?

నాకు ఇక్కడ ఒక తేడా కనిపిస్తుంది. మార్నాక్ వాళ్ళు "మాకు నచ్చింది చెప్పేవాడు కావాలి" అనలేదు. మమ్మల్ని అడక్కుండా, జమీందారు మనిషిగా వచ్చినవాడి దగ్గర మా పాపాలు చెప్పుకోలేం అన్నారు. అడిగింది అంతవరకే. నార్తాంప్టన్ వాళ్ళు తాము పిలుచుకున్న మనిషే, తమ గురించి నిజం చెప్తే పొమ్మన్నారు. మొదటిది నమ్మకం కోసం, రెండోది సౌకర్యం కోసం. లోపల ఏది ఉందో బయటికి మాత్రం తెలీదు, రెండింట్లోనూ లెక్కపెట్టేది ఓట్లే.

ఆ తేడా స్కాట్లండ్ వాళ్ళకి తెలుసనడానికి నాకో ఆధారం దొరికింది, అది డబ్బు దగ్గర. చామర్స్ కొత్త చర్చికి ఒక ఉమ్మడి నిధి పెట్టారు. అన్ని సంఘాల చందాలూ ఒకచోట చేరతాయి, అక్కణ్ణించి పాస్టర్లందరికీ సమానంగా కనీస జీతం వెళ్తుంది. డబ్బున్న సంఘాలు పైన కొంత కలుపుకోవచ్చు. బీద ఊళ్ళ పాస్టర్లు బతకాలన్నది ముఖ్య ఉద్దేశం. కానీ దానివల్ల ఇంకోటి కూడా జరిగింది. ఊళ్ళో షావుకారుకి కోపం వస్తే పాస్టరు ఇంట్లో పొయ్యి ఆరిపోదు. ఎంచుకునే హక్కు కోసం అంత పోగొట్టుకున్నవాళ్ళే, ఎంచుకున్నాక మనిషి గొంతు పట్టుకునే తాడుని చాలావరకు జనం చేతిలోంచి తీసి పక్కన పెట్టారు. (వాళ్ళూ అన్నిట్లో శుద్ధంగా లేరు. 1844లో అమెరికా బానిస యజమానుల విరాళాలు తీసుకున్నారు. ఫ్రెడరిక్ డగ్లస్ ఎడింబరో దాకా వచ్చి ఆ డబ్బు వెనక్కి పంపమని సభలు పెట్టినా పంపలేదు.) అసలు జమీందారీ హక్కుని పార్లమెంటు 1874లో రద్దు చేసింది.

మన పీఠాల్లో ఓటింగ్ లేదు. శృంగేరిలో 2015లో భారతీతీర్థ స్వామివారు విధుశేఖర భారతి స్వామివారిని తమ ఉత్తరాధికారిగా స్వీకరించారు. ఉన్న గురువే రాబోయే గురువుని గుర్తిస్తారు, జనం నమస్కరిస్తారు. ఆ పద్ధతిలో గురువు జనానికి భయపడాల్సిన పని లేదు, అది పెద్ద బలం. కానీ మనలో ఎంతమంది ఒక పీఠానికి చెందినవాళ్ళం? హైటెక్ సిటీలోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ గురువు కావాలనుకునే మనం ఎంచుకునేది బొటనవేలితో. సబ్‌స్క్రైబ్, అన్‌సబ్‌స్క్రైబ్. దీనికి కమిటీ లేదు, ప్రెస్బిటరీ లేదు, మనం లేచి ఇచ్చే మాట లేదు. నార్తాంప్టన్ వాళ్ళకి 23 ఏళ్ళు పట్టింది. మనకి ముప్పై సెకన్లు చాలు. ఎవరిని పొమ్మన్నామో కూడా గుర్తుండదు.

ఈ వైపు నుంచి కూడా చెప్పాలి. వీడియో పెట్టాక ఎక్కడ ఎంతమంది వదిలేశారో గ్రాఫ్ కనిపిస్తుంది. కథ చెప్తున్నంతసేపు గీత నిలబడుతుంది. "మీ ఇంట్లో పనిచేసే అమ్మకి మీరిచ్చే జీతం ధర్మమేనా?" లాంటి మాట రాగానే కిందికి జారుతుంది. వంద మందికి ఒక అంగుళం లెక్కన తేలే పడవ ఇది. చెప్పేవాడు ఆ గీత చూసుకుంటూ చెప్తే ఆరు నెలల్లో ఛానల్‌లో పండగ విశేషాలు, ఏ రాశికి ఏం జరుగుతుంది, ఇవే మిగుల్తాయి.

అందుకని పరీక్షించడం మానేయమని కాదు. రామకృష్ణ పరమహంస దగ్గర యోగీన్ అనే కుర్రాడు ఉండేవాడు. ఒక రాత్రి గురువుగారు గదిలో కనబడకపోతే, భార్య దగ్గరికి వెళ్ళారేమో అని అనుమానపడి బయట కాపు కాశాడు. రామకృష్ణులు ఇంకో వైపు నుంచి రావడం చూసి సిగ్గుతో ముడుచుకుపోయాడు. ఆయన కోప్పడలేదు. సాధువుని పగలూ చూడాలి, రాత్రీ చూడాలి, అప్పుడే నమ్మాలి అన్నారు. ఆ కుర్రాడే తర్వాత స్వామి యోగానంద అయ్యాడు. (ఒక యోగి ఆత్మకథ రాసిన యోగానంద వేరు.) అతను పరీక్షించింది గురువు చెప్పేది తనకి నచ్చుతోందా అని కాదు, చెప్పేవాడు చెప్పినట్టు బతుకుతున్నాడా అని. చర్చి కమిటీవాళ్ళు వెనక బెంచీల్లో కూర్చోవడం కూడా, సరిగ్గా చేస్తే, ఇలాంటిదే.

ఇంకొక్క విషయం. ఆ కమిటీ ఇంటర్వ్యూలో ప్రశ్నలు ఒకవైపు నుంచే ఉండవు. వచ్చిన అభ్యర్థి కూడా అడుగుతాడు. ఇల్లెక్కడ, పిల్లలకి బడి ఎంత దూరం, జీతమెంత, ఇవన్నీ అయ్యాక, కాస్త అనుభవం ఉన్నవాళ్ళు తప్పకుండా అడిగేది ఒకటుంటుంది. "మీ పాత పాస్టరు ఎందుకు వెళ్ళిపోయారు?" అప్పుడు బల్లకి ఆ వైపు కూర్చున్న కమిటీవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఎవరు జవాబు చెప్తారా అని.